గడ్డానికి గడువు

ఎవరైనా కోపంతో రగిలిపోతుంటే కత్తులు నూరుతున్నారని అంటాం. సెలూనక్క విషయంలో అది ఉత్త మాట కాదు. ఆ వారమంతా ఆవిడ పొద్దున్నే తలుపు తీసి, దీపం వేసి, గోడకి వేలాడే తోలుపట్టీ మీద కత్తిని అటూ ఇటూ సాగదీస్తూ నిజంగానే నూరింది. నూరినంతసేపూ ఒక్క మనిషినే తలుచుకుంది. చిత్రం ఏమిటంటే ఆ మనిషి మొహం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఫోన్లో అతని ఖాతాకి ఒక కుర్చీ బొమ్మ ఉండేది, దాని పక్కన ఒక పచ్చ టిక్కు ఉండేది. అందుకని అక్కాచెల్లెళ్ళిద్దరూ అతన్ని పచ్చటిక్కు అనేవాళ్ళు. అంతకంటే ఘాటైన పేర్లు కూడా పెట్టారు గానీ అవి ఇక్కడ రాసేవి కావు.

సెలూన్ వాళ్ళ నాన్నది. రెండు కుర్చీలు, ఎదురుగా గోడ పొడుగునా అద్దం, వెనక కాచుకునేవాళ్ళకి ఒక బల్ల. నాన్న తర్వాత అక్క కత్తి పట్టుకుంది. ఆడమనిషి చేతికి పీక అప్పగించడమేమిటని మొదట్లో నసిగినవాళ్ళు కూడా ఆవిడ చెయ్యి ఎంత తేలికో తెలిశాక ఇంకో సెలూన్ మొహం చూడలేదు. వెనక గది చెల్లెలిది. చెల్లెలు తోలుసంచులు కుట్టేది. మైనం పూసిన దారం, పెద్ద దబ్బనం, ఒళ్ళో తోలుముక్క, ఇంతే ఆమె కార్ఖానా. ఎడమచేతి వాటం కావడంతో ఆమె కుట్లు అందరి కుట్లలా కాకుండా రెండో వైపుకి వాలేవి. ఆ వాలు చూసి మరీ కొనేవాళ్ళు ఉండేవాళ్ళు.

అలా కుట్టీ కుట్టీ చెల్లెలి వేళ్ళు వాచిపోయాయి. దారం బిగించి లాగినప్పుడల్లా కణుపుల్లో ప్రాణం పోయేది. ఇంకో ఏడాది చేత్తో ఇలాగే లాగావంటే అన్నం ముద్ద కలపడానికి కూడా వేళ్ళు ముడవవని డాక్టరు తేల్చి చెప్పేశాడు. తోలు కుట్టే మిషను కొనుక్కోవాలి, లేదా పని మానుకోవాలి. మానుకుని ఏం చేస్తుంది? చిన్నప్పటినుంచీ ఆమెకి వచ్చింది అదొక్కటే.

సరిగ్గా అప్పుడే ఆన్‌లైన్ సంతలో పచ్చటిక్కు తగిలాడు. ఒకేసారి పాతిక సంచులు కావాలన్నాడు. చెల్లెలు ఎగిరి గంతేసింది. అక్క తను దాచుకున్నదంతా ఊడ్చి తోలు కొనిపెట్టింది. ఇంటి పని, వంట పని అన్నీ అక్క మీదేసుకుంటే, చెల్లెలు వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని పాతిక సంచులూ కుట్టి పంపింది. సంచులు వెళ్ళింది ఊరి బయట ఏదో గోడౌన్‌కి. అందినట్టు సంతకం కూడా అయింది. డబ్బు మాత్రం పడలేదు.

ఆ సంతలో పెద్దవాళ్ళకొక చట్టం, మనలాంటివాళ్ళకొక చట్టం. పచ్చ టిక్కు ఉన్న కొనుగోలుదారులు సరుకు ముందు తీసుకుని రెండు నెలల్లోపు ఎప్పుడైనా డబ్బు కట్టచ్చు. టిక్కు లేని చిన్నాచితకా జనం మాత్రం ‘కొంటున్నా’ అని నొక్కిన రెండు రోజుల్లో కట్టెయ్యాలి. కట్టకపోతే పేరు పక్కన ఎర్రచుక్క పడుతుంది. ఎర్రచుక్క పడ్డ మనిషికి ఎవరూ అమ్మరు, ఆ మనిషి దగ్గర ఎవరూ కొనరు. పచ్చ టిక్కు వాళ్ళకి అమ్మేవాళ్ళు మాత్రం సరుకు తయారైన మర్నాటికల్లా పంపి తీరాలి. ఈ చట్టం రాసినవాడు తన జన్మలో ఎవరికీ ఏదీ అమ్మి ఉండడని సెలూనక్క గట్టి నమ్మకం.

చెల్లెలు మర్యాదగా అడిగింది. ‘సార్, సంచులు నచ్చాయా? డబ్బు ఎప్పుడు పంపిస్తారు?’

జవాబు చిటికెలో వచ్చింది. ‘సంచులు సూపరమ్మా. రేపు పొద్దున్నే పంపిస్తా. వచ్చేసినట్టే అనుకోండి.’

అనుకోమన్నాడు కదా, పిచ్చిది అనుకుంది. అదే ఆమె చేసిన తప్పు. సంతలోనే ఒక చెప్పుల షాపు పెద్దాయన దుకాణం మూసేస్తూ తోలు మిషను అమ్మకానికి పెట్టాడు. పాతదే అయినా బండలాంటి మిషను. అంత తక్కువకి మళ్ళీ దొరకదు. డబ్బు వచ్చేసినట్టే కదా అని చెల్లెలు ‘కొంటున్నా’ నొక్కేసింది. మర్నాడు డబ్బు పడలేదు. అడిగితే ‘బ్యాంకులో చిన్న ఇబ్బంది, సాయంత్రానికి వచ్చేసినట్టే అనుకోండి’ అన్నాడు. సాయంత్రం అడిగితే చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపాడు. ఆ తర్వాత అదీ లేదు. అక్క పని మానుకుని గోడౌన్ దాకా వెళ్ళొచ్చింది. అక్కడ వాచ్‌మన్ తప్ప పురుగు లేదు. గడువు దాటిపోయి చెల్లెలి పేరు పక్కన ఎర్రచుక్క పడింది.

పెద్దాయన ఫోన్ చేసి తిట్టాడు కూడా. “ఇచ్చే వీలు లేనప్పుడు ఎందుకమ్మా నొక్కడం? నీ కోసం ఇద్దర్ని వెనక్కి పంపాను.” చెల్లెలు క్షమించమని బతిమాలింది. ఒకరి చేతిలో మోసపోయి ఇంకొకరి చేత మోసగత్తె అనిపించుకోవడం ఎలా ఉంటుందో ఆమె మొహంలో చూసిన అక్కకి కడుపు మండిపోయింది. ఊరందరికీ క్షవరం చేసే మనిషి ఇంట్లోనే వాడెవడో కూర్చుని నున్నగా క్షవరం చేసి వెళ్ళాడు. వాడు ఎప్పుడైనా ఎక్కడైనా దొరక్కపోతాడా అని ఆవిడ కత్తి నూరింది అందుకే.

పెద్దాయన పాపం చెడ్డవాడు కాదు. నాలుగు రోజులకి మెత్తబడి మళ్ళీ ఫోన్ చేశాడు. వేరే ఆయన మర్నాడు మధ్యాహ్నం పన్నెండుకి డబ్బు పట్టుకుని వస్తున్నాడట. “ముందు నీకు మాటిచ్చాను గనక చెప్తున్నా. పన్నెండు లోపు తెచ్చావా, మిషను నీది. లేదంటే ఆయన పట్టుకుపోతాడు, నన్నేం అనకు” అన్నాడు. ఆ పన్నెండు ఈ రోజుదే. చెల్లెలు పొద్దున్నుంచీ వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. ముగ్గుర్ని అప్పడిగి లేదనిపించుకుని వచ్చి అలా పడుకుంది.

సెలూన్లో అప్పటికి ఉన్నది పేపరు బాబాయి ఒక్కడే. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. గడ్డం వారానికి ఒకసారి, పేపరు మాత్రం రోజూ. అక్క ఆయనకి టీ పోస్తుండగా ఒక పెద్దమనిషి చెవికి ఫోన్ అంటించుకుని గబగబా లోపలికొచ్చాడు. ఇస్త్రీ నలగని బట్టలు, బట్టతల, ఒత్తుగా పెంచిన గడ్డం, తీర్చిన మీసం. భుజానున్న సంచి తీసి తలుపు పక్క కొక్కేనికి తగిలించి, ఫోన్ కింద పెట్టకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

“గడ్డం, మీసం రెండూ తీసెయ్యాలమ్మా. కాస్త తొందర. వీధి చివర కొత్త ఫర్నిచర్ షోరూము నాదే. ఇంకో గంటలో ఓపెనింగ్. ఫొటోల్లో బందిపోటులా ఉంటావని మా ఆవిడ పోరు పెట్టింది.”

వీధి చివర బోర్డుకి గుడ్డ కప్పిన ఆ షోరూము అక్క చూసింది. అలాగే సార్ అని మెడకి గుడ్డ చుట్టి, నురుగు పూసి, కుడి చెంప మొదలుపెట్టింది. చెంప సగం అయ్యేసరికి అతని ఫోన్ మళ్ళీ మోగింది. ఎవరో పూలకుండీలవాళ్ళు కాబోలు డబ్బు అడుగుతున్నారు. అతను పెదవి కదిలీ కదలకుండా, నురుగు నోట్లోకి పోకుండా, ఎంతో ఆప్యాయంగా అన్నాడు.

“రేపు పొద్దున్నే అండి. వచ్చేసినట్టే అనుకోండి.”

అక్క చెయ్యి గాల్లోనే ఆగింది. ఆ మాట నలుగురూ అనేదే, దాన్ని పట్టుకుని మనిషిని అనుమానిస్తామా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. అద్దంలోంచి కొక్కేనికి వేలాడే సంచిని చూసింది. కుట్లు అందరి కుట్లలాగే వాలి ఉన్నాయి. కాదులే అనుకోబోయింది. అంతలో తట్టింది, అద్దంలో కుడి ఎడమవుతుందని. గిరుక్కున వెనక్కి తిరిగి అసలు సంచిని చూసింది. ప్రతి కుట్టూ రెండో వైపుకి, తన చెల్లెలి వైపుకి వాలి ఉంది.

ఆ క్షణంలో ఆవిడకి వచ్చిన సంతోషం మామూలు సంతోషం కాదు. వెతకబోయిన శత్రువు తనంతట తనే నడిచొచ్చి, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని పీక చూపిస్తుంటే ఎవరికి మాత్రం ఒళ్ళు పులకరించదు? చేతిలో కత్తి ఉంది. ఒక్క గాటు పెట్టాలని లేదా అంటే ఉంది. కానీ ఆ చెయ్యి నాన్న నేర్పిన చెయ్యి. గాటు పెట్టదు. ఆవిడ కుడి చెంప పూర్తి చేసింది. కుడివైపు గడ్డం, కుడివైపు మీసం, ముక్కు కింద నుంచి గీత గీసినట్టు శుభ్రంగా తీసేసింది. కత్తి తుడిచి పెట్టింది. మిగిలిన టీ గ్లాసులో పోసుకుని, రెండో కుర్చీలో కూర్చుని తాగడం మొదలుపెట్టింది.

కాసేపటికి అతను కళ్ళు తెరిచాడు. “ఏమ్మా, ఆపేశారేంటి?”

“అయిపోయింది సార్.”

“అయిపోవడమేంటి? ఈ పక్క అలాగే ఉందిగా?”

“ఆ పక్క రేపు చేస్తా. అయిపోయినట్టే అనుకోండి.”

పేపరు బాబాయి పేపరు దించాడు. అతను అద్దంలో తనని తాను చూసుకున్నాడు. కుడివైపు పెళ్ళిచూపులకి వెళ్ళే మొహం, ఎడమవైపు బందిపోటు.

“తమాషాగా ఉందా మీకు? గెస్టులు వచ్చే టైమైంది. ఫొటోగ్రాఫర్ కాచుకుని ఉన్నాడు.”

“ఫొటోలకి కుడి చెంప చూపించి నిలబడండి సార్, బాగుంటారు. ఇంతకీ ఆ సంచి ఎక్కడ కొన్నారు?”

“ఆన్‌లైన్లో. గెస్టులకి ఇవ్వడానికి పాతిక కొన్నా. సంచి గొడవ ఇప్పుడెందుకు?”

“డబ్బు ఇచ్చారా?”

అతను కుర్చీలో కదిలాడు. “అది మీకు అనవసరం.”

“అవి కుట్టింది నా చెల్లెలు.”

అతను గొంతు సవరించుకున్నాడు. మోసం చేసినవాడి గొంతు కాదది. చట్టం తన జేబులో ఉన్నవాడి గొంతు.

“చూడమ్మా, రూల్ ప్రకారం నాకింకా గడువుంది. రెండు నెలలు. నేను ఎవరికీ ఎగ్గొట్టలేదు.”

“నేను కాదన్నానా సార్? మీ డబ్బుకి గడువున్నట్టే మా గడ్డానికీ గడువుంటుంది. ఈ సెలూన్లో రెండు నెలలు. ఎగ్గొట్టను, తప్పకుండా చేస్తా.”

బాబాయికి టీ పొలమారింది.

అతను మెడ గుడ్డ లాగిపారేసి లేచాడు. పక్క వీధి సెలూన్‌కి పోతానన్నాడు. పోలీసులకి చెప్తానన్నాడు. “చెప్పండి, సగం గడ్డమే తీసిందని కేసు పెట్టండి. నేను డబ్బు కూడా సగమే అడుగుతా” అంది అక్క. అతను విసురుగా గుమ్మం దాకా వెళ్ళి టక్కున ఆగిపోయాడు. ఇంకో సెలూన్ ఉన్నది షోరూముకి అవతల. షోరూము ముందు అప్పుడే కార్లు ఆగుతున్నాయి. అతని భార్య కాబోలు, గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళకి నవ్వుతూ ఎదురెళ్తోంది. రోడ్డు మీద పోతున్న ఇద్దరు ఆడపిల్లలు అతన్ని చూసి మొహమొహాలు చూసుకుని కిసుక్కుమన్నారు. అతను ఎడమ చెంపకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“నాకూ రావలసినవి ఉన్నాయమ్మా,” అన్నాడు ఈసారి మెత్తగా. “హోటలాయన ఒకడు ఎనిమిది సోఫాలు తీసుకుని ఇప్పటికీ పైసా ఇవ్వలేదు. ఆయన ఇస్తే నేను మీకివ్వనూ?”

ఇంకెవరైనా అయితే జాలిపడేవాళ్ళేమో. అక్క పడలేదు. ఈ వారంలో ఆవిడ దగ్గరున్న జాలి అంతా వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకున్న మనిషికే ఖర్చయిపోయింది.

“ఒసేయ్, ఒకసారి ఇలా రా,” అని లోపలికి కేకేసింది.

చెల్లెలు వచ్చింది. జుట్టు రేగిపోయి, కళ్ళు ఉబ్బి, వేళ్ళకి గుడ్డపీలికలతో వచ్చి నిలబడింది. కుర్చీలో సగం మనిషిని, కొక్కేనికి తను కుట్టిన సంచిని చూసి, అర్థమై, అక్క వంక చూసింది. నవ్వాలో భయపడాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఈయనే పచ్చటిక్కు,” అంది అక్క. “నమస్కారం పెట్టు.”

అతను ఆ వేళ్ళ వంక ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. ఫోన్ తీశాడు. ఇన్నాళ్ళూ బ్యాంకు ఇబ్బంది అన్న పని నాలుగు నొక్కుల్లో అయిపోయింది.

“పంపాను.”

“పడిందటే?” అక్క అతని మాట వినలేదు, చెల్లెల్ని అడిగింది.

చెల్లెలి ఫోన్ టింగుమంది. “పడిందక్కా.”

“మొత్తం చూసుకో.”

“మొత్తం పడింది.”

“ఇంకా నిలబడ్డావేం? పన్నెండవుతోంది, పరిగెత్తు.”

చెల్లెలు చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే గుమ్మం దాటింది. అతను తల వెనక్కి వాల్చి ఇక కానివ్వండన్నాడు. అక్క కత్తి ముట్టుకోలేదు.

“మిషను దాని చేతికి అందనివ్వండి సార్. సరుకు అందాకే కదా మీరు డబ్బిచ్చేది? నాదీ అదే పద్ధతి.” అని బాబాయి వైపు తిరిగింది. “రా బాబాయ్, ఖాళీగా ఉన్నాం కదా, నీ గడ్డం చేసేస్తా.”

“నిన్ననే కదమ్మా చేయించుకున్నాను?”

“పర్లేదు, మళ్ళీ చేస్తా.”

బాబాయికి ఆ రోజు చేసినంత నెమ్మదిగా ఎవరికీ చేయలేదు. లేని గడ్డానికి నురుగు పూసి, చెవుల వెనక వెంట్రుకలు ఏరి, తల కూడా నొక్కింది. పక్క కుర్చీలో అతని ఫోన్ మోగుతూనే ఉంది. ‘వస్తున్నా, వచ్చేస్తున్నా, దారిలో ఉన్నా’ అని ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్పాడు. నోటికి అలవాటైన పని గనక తడుముకోలేదు. వీధి చివర షోరూము ముందు జనం గుంపుగా నిలబడి గడియారాలు చూసుకుంటున్నారు. వాళ్ళని చూస్తూ అతను, అతన్ని చూస్తూ అక్క. తన చెల్లెలు ఫోన్ పట్టుకుని ఇలాగే కూర్చునేదని, ఇలాగే ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడేదని ఆవిడకి గుర్తొస్తూనే ఉంది. గుర్తొచ్చినకొద్దీ బాబాయి తల ఇంకాస్త నొక్కింది.

చివరికి ఫోన్ వచ్చింది. “అక్కా, మిషను మనదే. బండి మీద ఎక్కించారు. ఆయన నాకు టీ కూడా ఇచ్చాడే,” అని చెల్లెలు ఏడుస్తూ చెప్పింది.

అప్పుడు అక్క కత్తి మళ్ళీ పట్టీ మీద సాగదీసి, ఎడమ చెంప అందుకుంది. నిమిషాల్లో అయిపోయింది. మొహం తుడుస్తూ ఒక్క మాట అడిగింది. “మీరు ఇవ్వకపోబట్టే మా చెల్లెలికి ఎర్రచుక్క పడింది సార్. ఆలస్యం నాదేనని కంపెనీకి మీరు రెండు ముక్కలు రాస్తే తీసేస్తారట. లేకపోతే దాని దగ్గర ఎవరూ కొనరు.”

“అయ్యో, దానికేం భాగ్యం? రాసేసినట్టే అనుకోండి,” అంటూనే అతను సంచి భుజాన వేసుకుని వీధిలో పడ్డాడు.

అక్కకి అప్పుడు వినపడింది తనేం విందో. కానీ అప్పటికే కత్తి కడిగి పెట్టేసింది, గడ్డం రెండువైపులా తీసేసింది. అడగాల్సింది ఎడమ చెంప ఉండగా అడగాలి. ఇంత తెలివీ చూపించి చివర్లో ఇలా బోల్తా పడ్డందుకు తన నెత్తి తనే మొట్టుకుంది.

అతను రాయలేదు. వెనక గదిలో మిషను వచ్చి కూర్చుంది. మొదటి రెండు రోజులు దాని చప్పుడుకి సెలూన్లో మాటలు వినపడేవి కావు. చెల్లెలి వేళ్ళ వాపు తగ్గింది, పీలికలు విప్పేసింది. కుట్టిన సంచులు గోడవారగా పేర్చింది. పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. సంతలో వాటిని చూసినవాళ్ళు పేరు పక్కన చుక్క చూసి పక్కకి పోయేవాళ్ళు. తోలు అయిపోయింది, కొత్తది కొనడానికి ఏమీ అమ్ముడుపోలేదు. మెల్లగా మిషను చప్పుడు ఆగిపోయింది. వేళ్ళు బాగుపడ్డాయి, వేళ్ళకి పని లేదు. అక్క షోరూము ముందునుంచి వెళ్ళినప్పుడల్లా అతను సోఫాల వెనక ఏదో పడిపోయినట్టు వంగేవాడు. ఒకసారి లోపలికే వెళ్ళింది. యజమాని ఊళ్ళో లేడన్నారు. సోఫా వెనక అతని బట్టతల కనిపిస్తూనే ఉంది. తీరిందనుకున్న కసి మళ్ళీ మొదటికొచ్చింది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం అతను తనంతట తనే సెలూన్‌లోకి వచ్చాడు. ఒక్కడే కాదు. గుబురుగడ్డం ఉన్న ఒక లావాటి ఆయన్ని భుజం మీద చెయ్యేసి తీసుకొచ్చాడు.

“మా స్నేహితుడమ్మా. హోటలు ఆయనది. ఇవాళ ఏదో పెద్ద మీటింగు ఉందట, గడ్డం నీట్‌గా తీయాలి,” అంటూ అడక్కుండానే పెద్దనోటు తీసి అద్దం ముందు పెట్టాడు. “మిగతా చిల్లర మీరే ఉంచండి.” తర్వాత అక్క చెవి దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. “ఎనిమిది సోఫాలు. ఎలా చెయ్యాలో మీకు చెప్పక్కర్లేదుగా.”

అక్క అతని వంక చూసింది, నోటు వంక చూసింది. తలూపింది. హోటలాయన ఏమీ ఎరగనట్టు కుర్చీలో సర్దుకున్నాడు. పచ్చటిక్కు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, బాబాయి చేతిలోంచి పేపరు లాక్కోబోయి, బాబాయి ఇవ్వకపోతే ఊరుకున్నాడు.

కుడి చెంప అయింది. మీసంలో కుడి సగం పోయింది. అక్క కత్తి తుడిచింది. పచ్చటిక్కు ముందుకి వంగాడు. అతని కళ్ళు మెరుస్తున్నాయి.

అక్క కత్తి మళ్ళీ అందుకుని ఎడమ చెంప మొదలుపెట్టింది. గడ్డం పూర్తిగా తీసింది. వెంట్రుకల వాలుకి ఎదురుగీత కూడా గీసింది. వేడి తువ్వాలు రెండుసార్లు అద్దింది. కనుబొమలు కత్తిరించింది, మెడ నొక్కింది, వాసన నూనె రాసింది. హోటలాయన అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకుని, పదేళ్ళు తగ్గానే అని మురిసిపోయాడు. ఇలాంటి చెయ్యి ఊళ్ళోనే లేదని అక్కని మెచ్చుకున్నాడు. డబ్బు నువ్వే ఇచ్చావా అని స్నేహితుడి భుజం తట్టి, సోఫాల సంగతి తర్వాత మాట్లాడుకుందాంలే అని ఈలేసుకుంటూ వెళ్ళిపోయాడు.

పచ్చటిక్కు బల్ల మీంచి లేచొచ్చాడు.

“ఏంటమ్మా ఇది? ముందే డబ్బిచ్చాను కదా?”

“ఇచ్చారు. అందుకే పని మొత్తం చేశాను.”

“నేను చెప్పింది ఏమిటి, మీరు చేసింది ఏమిటి? వాడు నాకు ఎంత ఇవ్వాలో తెలుసా?”

“ఆయన నాకేం బాకీ లేడు సార్,” అంది అక్క. “మీరున్నారు.”

చెల్లెలు వెనక గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె వెనక గోడవారగా అమ్ముడుపోని సంచులు, మూతేసిన మిషను కనిపిస్తున్నాయి. బాబాయి పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. అతను ముగ్గురినీ చూసి, గుమ్మం వంక చూశాడు. అక్క వెళ్ళి గుమ్మం పక్కన నిలబడింది. చేతిలో కత్తి కూడా లేదు, తడి తువ్వాలే.

చివరికి అతను జేబులోంచి ఫోన్ తీసి, ఎవరికి రాయాలని చెల్లెల్ని అడిగాడు. ఆమె చెప్పింది. అతను రాస్తుంటే అక్క వచ్చి భుజం వెనక నిలబడి, పంపేదాకా ఒక్కొక్క అక్షరం చదివింది.